తద్దినపు వంటయు నిత్యపు వంటయు

మన సంఘ వార్షిక సంచికలలో వంశములను గుఱించియు, గోత్రములను గుఱించియు, సత్రములు కట్టించిన దాతలను గుఱించియు వ్యాసములు వచ్చుట పరిపాటి. వంటయింటి చరిత్రమును గుఱించి వ్రాయబూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని మహాసభల భోజనశాలలలో వడ్డించు పదార్థములను గుఱించి జరుగు వాదముల నెఱిగిన సోదర సోదరీమణులు నన్ను మన్నింతురని నమ్ముచున్నాను. విస్తరిలో పులావు కనబడగానే "ఇది మన వంట కాదు" అని నొచ్చుకొను పెద్దలు మనలో గలరు. ఆ పులావు ప్రక్కనే యున్న బంగాళాదుంప వేపుడును, టమాటా పప్పును, మిరపకాయ బజ్జీని వారు సంతోషముతోనే భుజింతురు. అవి మనవి యెట్లయ్యెను, ఇది మనది యెందులకు గాలేదు అని యెవరును అడుగరు. ఈ ప్రశ్న విస్తరితో పోవునది గాదు. ఒక యింటి కోడలు ఏమి వండినది, ఎవరియొద్ద నేర్చుకొన్నది అనుదానిని బట్టి ఆ యింటి మర్యాదను కొలుచు అలవాటు మనలో చిరకాలమునుండి యున్నది. ఆ కొలతకు చరిత్రాధార మెంత గలదో చూడవలెనని నా కోరిక.

ఆధారమునకై శాసనములు వెదుకబోవ నక్కఱలేదు. ఆచారమును గట్టిగా పాటించు మన యిండ్లలో సంవత్సరమున కొకమారు అది మన కన్నుల యెదుటనే పొయ్యి మీద ఉడుకుచుండును. తద్దినమునాటి వంటను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. అరటికాయ, కంద, చేమదుంప, కాకరకాయ వచ్చును. బంగాళాదుంప రాదు, టమాటా రాదు, క్యాబేజీ రాదు. పెసరపప్పు, మినప గారెలు, నువ్వుల ఉండలు, పరమాన్నము ఉండును. కూరలలో మిరపకాయకు బదులు మిరియము, జీలకఱ్ఱ పడును. ఉల్లి వెల్లుల్లుల మాట చెప్పనే యక్కఱలేదు. ఇండ్లను బట్టి స్వల్ప భేదము లుండవచ్చును గాని మిరపకాయను, దొరల కూరలనబడు వానిని విడుచుటలో మాత్రము అందఱిదియు నొక్కటే దారి.

బాల్యమున నేనొకమారు మా నాయనమ్మను "ఈనాడు మిరపకాయ యేల వేయరాదు?" అని యడిగితిని. "పితృదేవతలకు కారము పనికిరాదురా" అని యామె చెప్పినది. ఆ మధ్యాహ్నమున అరటికాయ కూర తిన్నప్పుడు మిరియపు ఘాటునకు నా కన్నుల నీరు గారినది. కారము పనికిరాని పితృదేవతలు ఇంత ఘాటు నెట్లు సహింతురని సందేహము గలిగెను గాని, మరల నడుగుటకు ధైర్యము చాలలేదు. పెద్దయైన తరువాత గ్రంథములు చూచి తెలిసికొన్నదేమన, మా నాయనమ్మ పాటించిన ఆచారము సరియైనదే, చెప్పిన కారణమే సరి గాదు. మన పితరులలో ప్రాచీనులు మిరపకాయ నెఱుగరు. వారెఱిగిన వంటయే వారికి పెట్టవలెనను నియమము నిలిచినది, కారణము మఱుగుపడినది.

తెలుగు సాహిత్యము దీనికి సాక్ష్య మిచ్చుచున్నది. 15వ శతాబ్దమునాటి క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూళ్ళ యింటి భోజనము వర్ణింపబడినది. ఒక్క రూకకు అచట దొరకిన వేవనగా: మేలైన బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టు భోజనమును చెప్పినాడు. చలికాలపు విందులో మిరియపు పొడులతో కూడిన వేడి కూరలును, ముక్కు అదరగొట్టు ఆవపచ్చళ్ళును గలవు. చలి విఱుచుటకు ఘాటు కావలసివచ్చినప్పుడు ఆ మహారాజునకు తోచినవి మిరియమును ఆవయు మాత్రమే. ఇంకను పూర్వము పోయినచో, కళ్యాణ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు (1126–1138) రచించిన మానసోల్లాసమున అన్నభోగ ప్రకరణములో ఇడ్డరిక, దోసక, వటకములు గలవు. నేటి ఇడ్డెన వలె గాక ఆ ఇడ్డరికను మినుపపిండితోనే చేసి నేతిలో వేయించి, మిరియము, జీలకఱ్ఱ, ఇంగువ చల్లెడివారు. ఈ మూడు గ్రంథములలోని భోజనమును మన తద్దినపు విస్తరి ప్రక్కన నుంచి చూచినచో అవి యొక యింటివే యనిపించును.

మిరపకాయ పుట్టినిల్లు అమెరికా ఖండము. 1492లో కొలంబసు అచటికి చేరకమున్ను మన దేశమున దాని పేరు తెలిసినవాడు లేడు. 1498లో వాస్కో డ గామా కాలికట్టు రేవునకు వచ్చెను. 1510లో బుడతకీచులు గోవాను పట్టుకొనిరి. వారు వచ్చినది మన మిరియముకొఱకు. మిరియమునకు పోటీ యగు కాయను తమ యోడలలో దెచ్చి, దానిని మనకిచ్చి పోవుట చరిత్రలోని చిత్రములలో నొకటి. క్రొత్త కాయకు మన స్త్రీలు పెట్టిన పేరు చూడుడు: మిరియము వంటి కాయ గనుక మిరపకాయ. తమిళులు మిళగు నుండి మిళగాయ్ అనిరి; కన్నడిగులు మెణసు నుండి మెణసినకాయి అనిరి. తెలియనిదానికి తెలిసినదాని పేరు పెట్టి లోనికి రానిచ్చుట మువ్వురి వంటయింటి పద్ధతియు నైనది. ఇంగ్లీషువారును ఇదే పొరపాటు చేసి రెంటిని నొకే పేరుతో పిలిచిరి.

మిరియపు తీగ మలబారు కొండలలో వాననీటికి పెరుగునది. ఆ సరకును వర్తకునియొద్ద వెలపెట్టి కొనవలెను. మిరప మొక్కయో, పెరటిలో గింజ చల్లిన పండును. ఎండబెట్టిన ఏడాది నిలుచును. జొన్నకూడు, రాగిసంకటి తినువానికి నాలుక మేల్కొనుటకు ఇంతకంటె చవుకైన సాధనము లేదు. కావున మిరప మొదట పేదల పొయ్యి మీదనే వెలసి, పిమ్మట పెద్దిండ్లలో ప్రవేశించెనని నా యూహ. గుంటూరు నల్లరేగడిలో అది పాదుకొన్న తరువాతి కథ లోకవిదితము. మన జాతీయ గౌరవముగా నెంచుకొను ఆవకాయనే తీసికొనుడు. దాని పేరులో ఉన్నది ఆవయే గాని మిరప లేదు. మామిడికాయను ఆవపిండితో నూరవేయుట పూర్వపు పద్ధతి. ఎఱ్ఱని కారము అందులో తరువాత చేరినది. చేరి, పేరు మార్చకయే యిల్లు తనదిగా జేసికొన్నది.

ఇక బంగాళాదుంప. దీని జన్మభూమి దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతప్రాంతము. బుడతకీచుల మూలమున హిందూదేశమునకు వచ్చి, ఇంగ్లీషువారి కాలమున విరివిగా వ్యాపించినది. తెలుగువారిలో దీని కొకే పేరు లేదు. కోస్తావారు బంగాళాదుంప యందురు. బంగాళమునుండి వచ్చినదని యర్థము. తెలంగాణమువారు ఆలుగడ్డ యందురు. ఉత్తరాది ఆలూ హిందూస్థానీ భాషతో వచ్చినది. రాయలసీమలో ఉర్లగడ్డ యందురు. అది తమిళపు ఉరుళైక్కిళంగునకు చుట్టము. ఒక దుంప మూడు దారుల వెంట మూడు పొరుగువారి చేతులనుండి మన యిండ్లకు వచ్చినదని ఈ మూడు పేర్లే చెప్పుచున్నవి. టమాటాను ఉత్తరకోస్తావారు రామములగ యందురు; చిత్తూరు సీమవారు తక్కాళి యందురు. సీమచింత, సీమవంకాయ మొదలగువానికి ముందున్న ఆ సీమ శబ్దము సముద్రము దాటి వచ్చినదను చీటి. అనాసపండు పేరు బుడతకీచుల మాటయే.

ఈ రాకలన్నియు నిరాటంకముగా జరిగినవని తలపరాదు. మా నాయనమ్మ తోడికోడలొకామె యుండెడిది. ఆమె పుట్టినిల్లు రైలుజంక్షను గల పట్టణము. ఇరుగుపొరుగున అన్ని ప్రాంతములవారు నుండుటచే అనేక వంటలు నేర్చివచ్చినది. 1950 ప్రాంతమున మా యింట జరిగిన యొక శుభకార్యములో ఆమె కందిపప్పులో టమాటాలు వేసి వండెను. ఎఱ్ఱని ఆ ముక్కలను జూచి పంక్తిలోని పెద్ద యొకరు "ఇది మాంసమువలె నున్నది" అని ఔపోసన పట్టకయే లేచిరి. ఆయనతో మఱి యిద్దఱు లేచిరి. మా వారెవరును ఆయనతో వాదింపలేదు. వాదింపకపోగా, ఆ తరువాత బంధువుల యిండ్లలో శుభకార్యములకు ఆమెను పొయ్యిదగ్గఱకు పిలుచుట మానివేసిరి. కూరలు తరుగుటకు మాత్రము పిలిచెడివారు. ఆమె బ్రతికియున్నంతకాలము దీనిని గుఱించి పలుకగా నేను వినలేదు. నేడు ఆ పెద్దమనుష్యుని మనుమల యిండ్లలో టమాటా పప్పు లేని పెండ్లి భోజనమే యుండదు. ఆ యింటివా రెవ్వరికిని ఈ వృత్తాంతము తెలియదు. తెలియవలెననియే వ్రాసితిని.

ఆచారపరులకు మఱియొక మాట విన్నవించెదను. ఉల్లిని ముట్టని మడి వంటలలో ఘుమఘుమకు ఆధారమేది? ఇంగువ. ఆ ఇంగువ మొక్క ఇరాను, ఆఫ్గనిస్థానపు మెట్టభూములలో పెరుగును. వేరునకు గాటు పెట్టగా కారు పాలు గడ్డకట్టి ఇంగువ యగును. వేల సంవత్సరములుగా అది కాబూలీ వర్తకుల మూటలలో మనకు వచ్చుచున్నది. హిందూదేశమున దీనిని సాగుచేయవలెనని ప్రభుత్వ శాస్త్రజ్ఞులు హిమాలయములలోని లాహుల్ లోయలో మొదటి మొక్కను నాటినది 2020లో మాత్రమే. పొరుగింటి నీరు ముట్టని మడి వంటయిల్లు ఇంగువ విషయమున మాత్రము ఎల్లప్పుడును పరదేశి చేతిమీదనే యాధారపడినది. చింతపండును అట్టిదే. అరబ్బులు దానిని తమర్ హిందీ, అనగా హిందూదేశపు ఖర్జూరమనిరి. ఆ చెట్టు పుట్టుక ఆఫ్రికా ఖండమున. అది మనకు వచ్చినది అతిప్రాచీన కాలమున గనుక దానిని పరాయిదని యనువారు లేరు. జీలకఱ్ఱ, ధనియములు సైతము పశ్చిమాసియా వైపునుండి పూర్వకాలమున వచ్చినవే. ఎంతకాల ముండిన పరాయి వస్తువు మనదగునో నియమ మెవరు చేసిరి?

పులావు సంగతికి వత్తము. హైదరాబాదు రాజ్యమున అసఫ్ జాహీలు 1724 మొదలు 1948 వఱకు ప్రభుత్వము చేసిరి. ఆ నగరమున ఇరానీలు, తురుష్కులు, హద్రమౌతునుండి నిజాము సైన్యములో కొలువునకు వచ్చిన అరబ్బులు, ఉత్తరాది కాయస్థులు, మరాఠీలు, తెలుగువారు నొక్కచో నివసించిరి. అరబ్బులు తెచ్చిన హరీసు హైదరాబాదులో హలీమైనది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంగ్లీషు దొరల రొట్టెకు డబల్ రొట్టె యని పేరు. దానిని నేతిలో వేయించి పాలు, పాకములలో నానవేయగా డబల్ కా మీఠా యైనది. ఇవి విందుల వంటలు. వీనికంటె నాకు విలువైనదిగా కనబడునది తెలంగాణపు తెలుగిండ్ల బగారన్నము. నవాబుల పులావునుండి కుంకుమపువ్వును, బాదములను, పెద్ద ఖర్చును తీసివేసి, లవంగము, దాల్చినచెక్క, యాలకలు, షాజీర, పుదీన, ఉల్లిపాయలు మాత్రము నిలుపుకొని, సాధారణ గృహిణి తన గిన్నెకు తగినట్లు దిద్దుకొన్న యన్నమది. దసరాకును, పెండ్లికిని, చుట్టము వచ్చిన నాడును పల్లెలలో సైతము వండుదురు. దానిని తురకల వంట యని యెవరును తలపరు. షాజీర యనుమాట పారసీకమని తలచుకొనువారును లేరు.

ఇచ్చిపుచ్చుకొనుటలో మనది పుచ్చుకొను చేయి మాత్రమే కాదు. హైదరాబాదు ముసల్మానుల యిండ్లలో వండు బఘారే బైంగన్, మిర్చీ కా సాలన్ అనువానిలో నువ్వులు, వేరుశెనగ, ఎండుకొబ్బరి నూరి చింతపండు పులుసు పోయుదురు. ఢిల్లీ, లక్నో వంటలలో ఈ పులుపు కానరాదు. ఇది తెలుగు పొయ్యి వాసన. మన గుత్తివంకాయ కూరకును బఘారే బైంగనుకును గల పోలిక తినినవాని కెవనికైనను తెలియును. వారు ఖట్టీ దాల్ అనునది మన పప్పుపులుసునకు చెల్లెలు. గోంగూరను వారు అంబాడా యని మాంసముతో వండుదురు. చింతచిగురు మాంసమునకు వారిచ్చిన పేరు చిగుర్ గోష్త్. చిగురను తెలుగుమాటను వారు మార్చక యట్లే యుంచుకొనిరి. ఏ యింటి పెరటి గోడమీదుగా ఏ తల్లి మఱియొక తల్లికి ఈ వంట చెప్పినదో చరిత్రకారు లెవరును వ్రాసిపెట్టలేదు. అట్లు చెప్పినవా రుండిరనుటకు ఆ చిగురే సాక్ష్యము.

దక్షిణదేశము కథ క్లుప్తముగా చెప్పెదను. తంజావూరును తెలుగు నాయకుల తరువాత 1676 ప్రాంతమునుండి మరాఠా రాజులు పాలించిరి. సాంబారు వారి వంటశాలలో పుట్టినదని చెప్పుకొను కథ గలదు. కథగానే దానిని గ్రహింపవలెను. మన పప్పుపులుసు ఆ సాంబారుతో కొంత కలిసి, కొంత కలియక నేటికిని రెండును ప్రక్కప్రక్కనే యున్నవి. ఉప్మాకు వాడు రవ్వ బొంబాయి రవ్వ. పూరీలలోనికి చేయు శెనగపిండి కూర బొంబాయి చట్నీ. మైసూరుపప్పు మాత్రము మైసూరునుండి రాలేదు. మసూరు అను హిందూస్థానీ మాట మన చెవికి మైసూరుగా వినబడినది!

మన మిరియపు చారు సముద్రము దాటినది కూడ. మిళగుతణ్ణి యను తమిళపు పేరును పలుకలేక ఇంగ్లీషువారు ములిగటానీ యనిరి. అందులో మాంసము వేసి, చిక్కగా జేసి తమ మేజాబల్లలమీద నుంచుకొనిరి. చెన్నపట్టణమున నున్న కెన్నీ హెర్బర్టు అను సైనికోద్యోగి 1878లో వంటను గుఱించి యొక పుస్తకము ప్రకటించెను. అందు దొరసానులకు మన దినుసులను వాడు విధము శ్రద్ధతో బోధించినాడు. పరాయివాడు మన చారును మార్చుకొన్నందులకు మన మెన్నడును కినుక వహింపలేదు. నవ్వుకొంటిమి, అంతే.

వచ్చినదెల్ల మంచిదని నేను వాదించుట లేదు. ప్రతి కూరలోను గరము మసాలా గుమ్మరించు నేటి పద్ధతి నాకు రుచింపదు. వంకాయకు వంకాయ రుచి యుండవలెను. పెండ్లి భోజనములలో పది దేశముల పేర్లు వ్రాసిపెట్టి ఏ దేశమువాడును గుర్తుపట్టలేని పదార్థములు వడ్డించుటయు వంట నేర్చుకొనుట గాదు. బగారన్నమును దిద్దుకొన్న గృహిణి పొరుగింట తిని, అడిగి, తన యింట నాలుగుమార్లు చెడగొట్టి, అయిదవమారు కుదుర్చుకొన్నది. ఆ శ్రమకే నేను నమస్కరించుచున్నాను. మన సంచికలలో సత్రపు గదులు కట్టించినవారి పేర్లు అచ్చుపడినవి. ఆ సత్రపు వంటశాలలో ఏ కూర ఎవరు మొదట వండిరో యొక్క పంక్తియు అచ్చుపడలేదు. ఎనుబదియేండ్లు దాటిన స్త్రీలు మన యిండ్లలో నింకను గలరు. వారినడిగి వ్రాసికొనుటకు కాలము కొంచెమే మిగిలియున్నది.

మా యన్నగారి కుమార్తె అమెరికాలో కాపురముండి పదునైదేండ్లైనది. అచట గోంగూర దొరకని దినములలో రూబార్బు అను పుల్లని కాడలను తఱిగి పప్పులో వేయునట. శీతకాలమున క్రాన్‌బెర్రీలను ఆవపెట్టి పచ్చడి చేయునట. మొదటి పర్యాయము ఫోనులో ఈ సంగతి చెప్పుచు, నాయనమ్మ కోపించునేమోయని భయపడినది. అప్పటికి తొంబదియేండ్లు నిండిన మా నాయనమ్మ యంతయు విని, "పులుపు సరిపోయిందా, అమ్మాయీ?" అని మాత్ర మడిగినది.

నాయనమ్మ పోయిన మరుసటి యేడు ఆమె తద్దినపు తిథినాడు ఆ పిల్ల తన యింటిలోను వంట చేయ సంకల్పించినది. అరటికాయలు ఎందును దొరకలేదు. కడకు మెక్సికోవారి యంగడి యొకటి కనుగొని, అచట గట్టి పచ్చని అరటికాయలను కొన్నది. కంద దొరకలేదు గాని చేమదుంపలు దొరకినవి. ఆ గంపల ప్రక్కనే పచ్చివి, ఎండువి, పొడుగువి, గుండ్రనివి పది రకముల మిరపకాయలు గుట్టలుగా పోసియుండెనట. అంగడివాడు ఏ కాయ యెంత కారమో చెప్పబోయెను. ఈనాడు వలదని చెప్పి, ఇంటికి వచ్చి మిరియములు దంచుకొన్నది.